ఫోటో కూడా జవాబే

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉంది. మాట స్పష్టంగా రాదు, చేతులు వణుకుతాయి. ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక వీడియో ఆపేసి మౌనంగా కూర్చుంటున్నాడు. టీచరుగారు "రాయడం కష్టమైతే ఫోటోలు తీసి పంపు" అన్నారు. అప్పటి నుంచి ఫ్యాను, బల్ల కింది భాగం, గుమ్మం దగ్గర చెప్పులు... ఇవే తీస్తున్నాడు, అన్నీ వంకరగా, మసకగా. చదువు మానేసి ఇదేం పని అని ఇంట్లో గొడవ. దీనివల్ల లాభం ఉందంటారా? - ఒక తల్లి

జవాబు: ఉందమ్మా, కచ్చితంగా ఉంది. ఆన్‌లైన్ క్లాసు గబగబా మాట్లాడేవాళ్లకే అనుకూలం, మీ బాబు మ్యూట్ తీసి మాట కూడదీసుకునేలోపే టీచరు ఇంకో పిల్లాణ్ని అడిగేస్తారు. ఫోటోకి ఆ తొందర లేదు. ఉదయమంతా కూర్చుని తీసుకోవచ్చు, నచ్చకపోతే మళ్లీ తీయొచ్చు.

వంకర సంగతంటారా, ఒకసారి బాబు పక్కనే, తన ఎత్తులో కూర్చుని చూడండి. బల్ల కింది భాగం తనకు రోజూ ఎదురుగా కనిపించేదే కావచ్చు. చెప్పులు ఎందుకు తీశాడో మాత్రం మీరు ఊహించి చెప్పేయకండి, తననే అడగండి. మాట రాకపోతే నాలుగు ఫోటోలు ముందు పెట్టి ఏది పంపాలో చూపించమనండి, ఒక్క పదం టైప్ చేయమనండి, అవును కాదు అని తలూపినా సరే. 1990ల్లో కరొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే పరిశోధకులు చైనాలోని యునాన్‌లో పల్లెటూరి ఆడవాళ్ల చేతికి కెమెరాలిచ్చి, వాళ్ల బతుకు వాళ్లనే చూపించమన్నారు. ఫోటోవాయిస్ అనే పద్ధతి అలా వచ్చింది. అందులో తీసినవాళ్లే ఫోటో ఎంచుకుంటారు, దాని గురించి వాళ్లే మాట్లాడతారు. కాబట్టి దయచేసి బాబు ఫోటోలు మీరు సరిచేసి, అంచులు కత్తిరించి పంపకండి.

మసక తగ్గాలని తను కోరుకుంటే దానికి దారులున్నాయి. వెలుతురు చాలనప్పుడు ఫోను ఒక్కో ఫోటోకి ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఆ కాస్తలో చేయి కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అందుకే పగటిపూట, కిటికీ దగ్గర తీయమనండి. ఫోన్‌ని స్టాండుకి బిగించి టైమర్ పెట్టుకోవచ్చు. తెర మీద చిన్న గుండ్రం నొక్కడం కష్టమైతే చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్‌తోనూ ఫోటో పడుతుంది, చేతిలో పట్టుకునే బ్లూటూత్ రిమోట్ ఇంకా తేలిక.

టీచరుగారిని ఒక మాట సూటిగా అడగండి, ఈ ఫోటోలకు మార్కులున్నాయా, లేక ఊరికే కాలక్షేపానికా? నీడల పాఠానికి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తీసిన మూడు ఫోటోలు పూర్తి జవాబే, దాన్ని అలాగే దిద్దాలి. క్లాసు గ్రూపులో పెట్టేముందు బాబు ఒప్పుకోవాలి. "పాపం, ఎంత కష్టపడ్డాడో" అనే కామెంట్లు వద్దని, ఫోటోలో ఏం కనిపించిందో రాయమని తోటి పిల్లలకు ముందే చెప్పించండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. ఆన్‌లైన్ క్లాసులో అందరికీ ఫోటో అసైన్‌మెంట్ ఇచ్చి నాకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఒప్పుకోవాలా? - ఒక విద్యార్థిని

జవాబు: నీకు తీయాలనుంటే ఒప్పుకోకు తల్లీ. స్లొవేనియాలో పుట్టిన ఎవ్జెన్ బావ్చార్ చిన్నప్పుడే చూపు కోల్పోయి కూడా పేరున్న ఫోటోగ్రాఫర్ అయ్యారు. ఐఫోన్‌లో తెర మీద ఉన్నది చదివి వినిపించే వాయిస్‌ఓవర్ ఆన్ చేస్తే ఫ్రేములో ఎన్ని ముఖాలున్నాయో, ఎటువైపు ఉన్నాయో కెమెరా చెబుతుంది. వస్తువైతే చేత్తో తాకి, దూరం అంచనా వేసుకుని, ఫోను ఛాతీకి ఆనించి తియ్యి. శబ్దం వచ్చే వైపు తిప్పి కూడా తీయొచ్చు. ఆ క్షణంలో ఏం విన్నావో, ఏం తాకావో ఫోటోతో పాటు నాలుగు వాక్యాలు రాసి పంపు. మిగతావాళ్లు కూడా తమ ఫోటోల కింద వివరణ రాస్తేనే నీకు వాళ్ల పని అందుతుంది, మినహాయింపుకి బదులు అది ఏర్పాటు చేయమని టీచరుకు ఈరోజే మెసేజ్ పెట్టు.