2వ లైన్లో తప్పేమీ లేదు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం. మా మావయ్య వేబ్రిడ్జి కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాశాను. పోర్టు, బాడ్ రేటు (కాటా నుంచి డేటా వచ్చే వేగం), రసీదు ఒడియాలో రావాలా తెలుగులో రావాలా అన్నవి ఐఎన్ఐ ఫైల్లో (సెట్టింగులు రాసుకునే టెక్స్ట్ ఫైల్) పెట్టి, ఐఎన్ఐహెచ్ లైబ్రరీతో చదువుతున్నాను. విలువలన్నీ సరిగ్గానే వస్తున్నాయి కానీ ఫైల్ చదివే ఫంక్షన్ ఐఎన్ఐ_పార్స్ ప్రతిసారీ 2 ఇస్తోంది. ఒక్కో సెట్టింగ్ కోసం లైబ్రరీ పిలిచే నా ఫంక్షన్, అంటే కాల్‌బ్యాక్‌లో అంతా బాగుంటే 0, తెలియని పేరు వస్తే 1 రిటర్న్ చేస్తున్నాను. తప్పెక్కడ సార్?

జవాబు: మీ ఫైల్లో 1వ లైన్ సెక్షన్ పేరు, 2వ లైన్ మొదటి సెట్టింగ్ అయ్యుండాలి. 2 రావడమంటే 2వ లైన్లో తప్పుందని. నిజానికి అక్కడ ఏ తప్పూ లేదు, ఉందని మీ కాల్‌బ్యాకే చెబుతోంది. ఐఎన్ఐహెచ్‌లో కాల్‌బ్యాక్ 0 ఇస్తే ఫెయిలైనట్టు, ఇంకేమిచ్చినా పనయినట్టు. అదే లైబ్రరీలో ఐఎన్ఐ_పార్స్ మాత్రం అంతా బాగుంటే 0 ఇస్తుంది! పైగా మామూలుగా అది తప్పు దగ్గర ఆగదు. ఫైలంతా చదివేసి, మొదటి తప్పు ఏ లైన్లో వచ్చిందో ఆ నంబర్ ఇస్తుంది. మీకు విలువలన్నీ అందింది అందుకే.

మీ అలవాటుకీ ఆధారం ఉంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ సాఫ్ట్‌వేర్ సోర్సులో కాన్ఫిగ్ కాల్‌బ్యాక్ బాగుంటే 0, విలువ అర్థం కాకపోతే -1 ఇవ్వాలి. పద్ధతి ఏదన్నది పిలిచే లైబ్రరీ ఇష్టం. హెడర్ ఫైల్లో కామెంట్ చదివాకే రిటర్న్ లైన్ రాయండి.

అసలు ఆలోచించాల్సింది తెలియని పేర్ల గురించి. గిట్‌లో ఒకే ఫైల్‌ని చాలా కమాండ్లు చదువుతాయి, ఒకదాని సెట్టింగ్ మరోదానికి పట్టదు. అందుకే అక్కడ తెలియని పేరుని వదిలేసి 0 ఇవ్వడమే సరైనది. మీ ఫైల్‌ని చదివేది మీ ప్రోగ్రాం ఒక్కటే. ఎవరైనా బాడ్ రేటు స్పెల్లింగ్ తప్పు కొడితే, మీ 1 వల్ల అది పనయినట్టే లెక్కలోకి పోతుంది, ప్రోగ్రాం చప్పుడు లేకుండా డిఫాల్ట్ రేటుతో నడుస్తుంది. రైతు ధాన్యం లోడు కాటా మీద ఉన్నప్పుడు ఇలా జరగనే కూడదు. కాబట్టి రెండూ తిప్పండి: సరైనదానికి 1, తెలియని పేరుకీ పాడైన విలువకీ 0. టెక్స్ట్‌ని సంఖ్యగా మార్చడానికి అటోయ్ ఫంక్షన్ వాడుతుంటే మానేయండి. 9600లో సున్నాలకి బదులు ‘ఓ’ అక్షరాలు పడితే అది కిమ్మనకుండా 96 ఇస్తుంది.

ఇంకొకటి. ఆ లైబ్రరీ ఉదాహరణలో ఐఎన్ఐ_పార్స్ ఫలితం 0 కంటే తక్కువా అని మాత్రమే చూస్తారు. దాన్ని అలాగే కాపీ చేస్తే ఫైల్ తెరుచుకోకపోతే వచ్చే -1 దొరుకుతుంది కానీ లైన్ నంబర్లు తప్పించుకుంటాయి. 0 కానిదేది వచ్చినా ఆపండి. కాటా దగ్గర కూర్చునే మనిషికి తెలుగులోనో ఒడియాలోనో ఆ లైన్ నంబర్ చూపించి, సరిచేసేదాకా తూకం మొదలుపెట్టనివ్వకండి.