బ్యాంకు కట్టిన జరిమానా, సమాజం మోసిన నష్టం ఒకటేనా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: తప్పు చేసిన బ్యాంకు కట్టిన జరిమానానే ఆ తప్పు వల్ల సమాజానికి కలిగిన నష్టంగా పరిశోధనా వ్యాసంలో లెక్క వేసుకోవచ్చా? వేసుకోకూడదనే నా సమాధానం. ఒక పెద్ద బ్యాంకులో 11 ఏళ్లు పనిచేసి, వాటిలో చివరి నాలుగేళ్లు ఖాతాదారుల ఫిర్యాదుల విభాగంలో గడిపినవాడిని కనుక, ఆ రెండు అంకెలకు ఎంత ఎడం ఉందో దగ్గర నుంచే చూశాను.

ఆ విభాగంలో నా బల్ల మీదికి వచ్చిన తొలి ఫైళ్లలో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దావిడ, గడువు తీరిన తన ఫిక్స్‌డ్ డిపాజిట్‌ను మళ్లీ వేయమని చెబితే, శాఖలోని వారు ఆ సొమ్మును ఏటా ప్రీమియం కట్టవలసిన బీమా పాలసీకి మళ్లించారు. రెండో ఏడు ప్రీమియం నోటీసు వచ్చేదాకా ఆవిడకు ఆ సంగతి తెలియదు. నా ముందు సంచిలోంచి తీసిన కాగితాలన్నీ తేదీల వరుసలో గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి. ప్రతి కాగితం వెనుకా ఆ రోజు ఎవరిని కలిసిందీ, వారు ఏమి చెప్పి పంపిందీ పెన్సిలుతో రాసుకున్నారు. లెక్కపెడితే ఆవిడ మా గడప 17 సార్లు తొక్కినట్టు తేలింది. మా ఫారంలో ‘ఖాతాదారు కోల్పోయిన మొత్తం’ అనే గడి ఒక్కటే ఉండేది. అందులో ప్రీమియమూ దాని మీద వడ్డీ వేసి, సొమ్ము జమ చేయించి, ‘పరిష్కరించడమైనది’ అని రాసి ఫైలు మూసేశాను. వెళ్లేముందు ఆవిడ, “చదవకుండా సంతకం పెట్టడం నా తప్పే కదా బాబూ?” అని అడిగారు. కాదని చెప్పాను గాని, అలా అడిగే స్థితికి ఆవిడను తెచ్చింది మేమేనన్న మాట రాయడానికి ఆ ఫారంలో ఎక్కడా చోటు లేదు.

ఇదంతా ఒక ఫైలులోని మనోభావాల గొడవ అని కొట్టిపారేయకుండా, అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు వ్యవహారపు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అమ్మకాల లక్ష్యాలు చేరుకోవడానికి అక్కడి ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వారి పేర ఖాతాలు తెరిచారని 2016లో బయటపడినప్పుడు, ఆ ఖాతాల మీద వసూలైన రుసుముల కింద బ్యాంకు మొదట తిరిగి ఇచ్చింది సుమారు 26 లక్షల డాలర్లు మాత్రమే. అదే సంవత్సరం విధించిన జరిమానాలు 18.5 కోట్ల డాలర్లు. 2020లో ప్రభుత్వంతో కుదిరిన పరిష్కారం 300 కోట్ల డాలర్లు. ఒకే తప్పుకు మూడు అంకెలు, ఒకదానితో ఒకటి పొంతన లేనివి. మొదటిది ఖాతాదారు జేబులోంచి నేరుగా పోయినది, రెండోది నియంత్రణ సంస్థల ఆగ్రహానికి కొలత, మూడోది చాలావరకు బేరసారాల ఫలితం. అడగని ఖాతా వల్ల రుణ చరిత్ర చెడినవారి ఇబ్బంది గాని, ఈ వ్యవహారంలో ఉద్యోగాలు పోయిన దాదాపు 5,300 మంది కుటుంబాల పరిస్థితి గాని ఆ మూడింటిలో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. ఆ 5,300 మందిలో అత్యధికులు కింది మెట్టు మీద ఉన్నవారే అన్నది వేరే చెప్పనక్కర లేదు.

ఈ ప్రశ్న మీద నేను చదివినవాటిలో ఎక్కువగా పనికొచ్చినది జాన్ ఆర్మర్, కోలిన్ మేయర్, ఆండ్రియా పోలో అనే పరిశోధకులు చేసిన అధ్యయనం. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థలు జరిమానా ప్రకటించినప్పుడు ఆయా సంస్థల షేరు ధర ఎంత పడిందో వారు కొలిచారు. పరువు పోవడం వల్ల కలిగిన నష్టం జరిమానాకు దాదాపు తొమ్మిది రెట్లు ఉన్నట్టు తేలింది. చాలామంది ఈ తొమ్మిది రెట్ల మాటను పట్టుకుని, మార్కెట్టే తప్పు చేసినవారికి బుద్ధి చెబుతుందని వాదిస్తారు. కానీ అదే అధ్యయనంలో మరో సంగతి ఉంది: నష్టపోయినవారు సంస్థ ఖాతాదారులో మదుపుదారులో అయినప్పుడే షేరు అంతగా పడుతుంది, నష్టం బయటివారికి జరిగితే అలాంటి ప్రభావం కనిపించదు. సామాజిక వ్యయం అంటే ప్రధానంగా ఆ బయటివారి మీద పడే భారమే కదా. మీ వ్యాసానికి కీలకం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చుకునే వడ్డీని సూచిస్తూ, ఎన్నో రుణాలకు ప్రామాణికంగా ఉండిన లైబార్ రేటును కొన్ని బ్యాంకులు తారుమారు చేసిన ఉదంతాన్ని ఈ కోణంలోనే చూడాలి. 2012 జూన్‌లో బ్రిటన్ బ్యాంకు బార్‌క్లేస్ 29 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. ఆ రేటుతో ముడిపడిన ఒప్పందాలు ప్రపంచమంతటా వందల లక్షల కోట్ల డాలర్ల మేర ఉండేవి. ఆ బ్యాంకు పేరైనా వినని రుణగ్రహీత కూడా తన వాయిదా సొమ్ములో దాని ప్రభావాన్ని మోసి ఉండవచ్చు. అతను ఫిర్యాదు చేయడు, ఎందుకంటే తనకు నష్టం జరిగిందని అతనికి తెలియనే తెలియదు. ఫిర్యాదుల గదిలో కూర్చున్న నాలాంటివాడికి అటువంటి నష్టం ఎన్నటికీ కనబడదు.

జరిమానాలను కూడటం వృథా అని మాత్రం నేను అనడం లేదు. లండన్‌లో రోజర్ మెకార్మిక్ మొదలుపెట్టిన కాండక్ట్ కాస్ట్స్ ప్రాజెక్ట్ (తప్పుడు నడవడికకు బ్యాంకులు పెట్టిన ఖర్చును లెక్కించే పరిశోధన) పెద్ద బ్యాంకుల జరిమానాలు, పరిహారాలు, పరిష్కారపు చెల్లింపులను వాటి వార్షిక నివేదికల్లోంచి ఏరి ఒకచోట చేర్చినందువల్లనే, విడివిడిగా ‘అనుకోని ఖర్చు’గా కనిపించినవన్నీ ఒక అలవాటుగా తేలాయి. కాకపోతే ఆ పట్టిక బ్యాంకుకు పడిన ఖర్చును చెబుతుంది, సమాజానికి పడినదాన్ని కాదు. పైగా జరిమానా చివరికి వాటాదారుల సొమ్ములోంచే వెళుతుంది. ఆ వాటాదారుల్లో పింఛను నిధులూ ఉంటాయి.

ఇక బ్యాంకు ఉద్యోగుల నైతికత సంగతి. అలైన్ కోన్, ఎర్నెస్ట్ ఫెర్, మిషెల్ మరెషాల్ 2014లో ప్రచురించిన ప్రయోగంలో 128 మంది బ్యాంకు ఉద్యోగులు ఎవరూ చూడకుండా నాణెం పదిసార్లు ఎగరేసి, ఫలితాన్ని తామే తెలియజేశారు. ఎన్ని ఎక్కువసార్లు గెలిచామంటే అంత ఎక్కువ డబ్బు వచ్చే వీలుంది. ముందుగా తమ ఉద్యోగం గురించి ప్రశ్నలు ఎదుర్కొన్నవారు 58.2 శాతం సార్లు గెలిచామన్నారు. ఉద్యోగంతో సంబంధం లేని ప్రశ్నలు ఎదుర్కొన్నవారి అంకె 51.6 శాతం. ఇతర ప్రాంతాల బ్యాంకర్లతో మరో బృందం జరిపి 2019లో ప్రచురించిన ప్రయోగాల్లో ఈ తేడా కనిపించలేదు కనుక, బ్యాంకర్లందరూ ఇంతే అని తీర్మానించడం సరికాదు. నా అనుభవం మాత్రం మొదటి ఫలితానికి దగ్గరగా ఉంది. ఫిర్యాదుల విభాగానికి రాకముందు నేనూ పాలసీలు అంటగట్టినవాడినే. పొద్దున్నే మేనేజరు గదిలో నిలబడి, బోర్డు మీద నా పేరు పక్కన సున్నా చూసిన రోజున, “ఇది డిపాజిట్ లాంటిదేనండీ” అన్న మాట నా నోటివెంట ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేది. ఇంట్లో పది రూపాయల అబద్ధం ఆడని మనిషినే.

కాబట్టి మీ లెక్కలో జరిమానాను ఒక వరుసగా ఉంచి, పరిహారం కోసం తిరిగిన గంటలు, పరువు నష్టం, బయటివారి నష్టం, ఉద్యోగులకు జరిగిన హాని అని వేర్వేరు వరుసలు పెట్టండి. డబ్బుగా మార్చలేనివాటిని బలవంతంగా మార్చకుండా మాటల్లోనే రాయండి. ఫిర్యాదు లేఖలు చూసే వీలు దొరికితే మొదటి పేజీతో ఆగవద్దు. అడిగిన మొత్తం మొదటి పేజీలోనే ఉంటుంది గాని, ఆ మనిషి ఎన్నిసార్లు తిరిగాడో, ఇంట్లో ఎవరికి చెప్పుకోలేకపోయాడో సాధారణంగా రెండో పేజీ చివర్లో, సంతకానికి కాస్త పైన రాసి ఉంటుంది.