జీతం తీసుకుని బేస్‌బాల్ ఆడినవాడు మళ్లీ కాలేజీ ఫుట్‌బాల్ ఎలా ఆడగలడు?

ఆడొచ్చు. అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ, ఆటగాడు ప్రొఫెషనలా కాదా అన్నది ఏ ఆటకు ఆ ఆటగానే చూస్తుంది. ప్రొఫెషనల్‌గా బేస్‌బాల్ ఆడినవాడు మామూలుగా కాలేజీ బేస్‌బాల్‌కు పనికిరాడు గానీ, ఫుట్‌బాల్‌కు అడ్డేమీ లేదు. (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం కాలితో ఆడేది కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్.)

అందరూ చెప్పే పేరు క్రిస్ వైంకీ. 1990లో టొరంటో బ్లూ జేస్ అనే బేస్‌బాల్ జట్టు అతన్ని డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) తీసుకుంది. ఆరేళ్లు కింది స్థాయి పోటీలైన మైనర్ లీగుల్లో ఆడాడు. పెద్ద లీగుకు ఒక్క మెట్టు కింద, ట్రిపుల్-ఏ దాకా వెళ్లి ఆగిపోయాడు. 1997లో ఫుట్‌బాల్ ఆడటానికి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో చేరేసరికి పాతికేళ్లు. తోటి కుర్రాళ్లకు పద్దెనిమిది, పంతొమ్మిది! 1999 సీజన్‌లో జట్టుకు జాతీయ టైటిల్ తెచ్చాడు, 2000లో కాలేజీ ఫుట్‌బాల్‌లో ఆ ఏటి మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. అప్పటికి 28 ఏళ్లు. అంత వయసులో దాన్ని గెలిచినవాళ్లు మరొకరు లేరు.

బ్రాండన్ వీడెన్‌దీ ఇదే దారి. 2002లో యాంకీస్ బేస్‌బాల్ జట్టు తీసుకున్న పిచర్ (బంతి విసిరేవాడు), తర్వాత ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు ఎత్తులను నడిపేవాడు).

ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే కావడం కాకతాళీయం కాదనుకుంటాను. ఆ స్థానంలో ఒంటి వేగం కన్నా విసిరే చెయ్యి, కంగారుపడని బుర్ర ముఖ్యం. పైగా బేస్‌బాల్‌లో గడిచిన ఏళ్లలో ఫుట్‌బాల్ దెబ్బలు తగల్లేదు. వయసు మాత్రం ఊరుకోదు: వీడెన్ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు వచ్చేసరికే 28.