క్రేప్ మిర్టిల్ పూయకపోవడానికి కారణం నీడే

మధురవాడలో మీ ఇంటి వెనక వేసిన ఊదారంగు పూల మొక్క క్రేప్ మిర్టిల్ ఏపుగా పెరిగినా పూయట్లేదని, ఆకుల మీద తెల్లటి పొడి కనిపిస్తోందని రాశారు కదండీ. టెన్షన్ పడకండి. ప్రహరీ పక్కనున్న మామిడి నీడ దాని మీద పడుతోందన్నారు, అసలు చిక్కు అదే. దీనికి రోజుకి కనీసం 6 గంటల నేరుటెండ కావాలి.

ఆ పొడి బూడిద తెగులు. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ, దానికి నీడ తోడైతే తెగులు వదలదు. మామిడి కొమ్మలు కొన్ని తీయించి గాలి ఆడనివ్వండి. నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయండి. యూరియా ఆపేయండి, అది ఆకునే పెంచుతుంది.

పూత కొత్త చిగుళ్ల చివరే వస్తుంది కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో సన్నటి రెమ్మలు కత్తిరించండి. మోడు మాత్రం చేయొద్దు, ఆ నున్నటి కాండం ఎంత అందంగా ఉంటుందో!