అమ్మలూ, ఆంప్ కొనే ముందు

అమలాపురం

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న దీవెనలు.

మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు, బేస్ వాయించే కుర్రాడు, డ్రమ్స్ అబ్బాయి కలిసి శనివారం సాయంత్రాలు దిండి దగ్గర రిసార్టులో జాజ్ వాయిస్తారట కదా. దాచుకున్న డబ్బంతా పెట్టి గిటారుకి ఆంప్, అదే సౌండు పెంచే స్పీకరు పెట్టె, కొంటానంటున్నావట. వాడు కంగారు పడుతూ చెప్పాడు కానీ నాకు పట్టలేనంత సంతోషమేసింది. మన ఇంటి ఆడపిల్ల గోదారి ఒడ్డున కూర్చుని జాజ్ వాయిస్తుందని మీ పెద్దమ్మకి పదేపదే చెప్పుకున్నాను. రాత్రి పడుకున్నాక మాత్రం దిగులు పట్టుకుంది. ఎందుకో కింద రాస్తాను. ఫోన్లో చెబితే "సరే పెదనాన్నా" అని పెట్టేస్తావు, అందుకని ఉత్తరం.

ముందు గిటారు సంగతి. మెడ వైపున్న నెక్ పికప్ (తీగల శబ్దం పట్టేది) మీద ఉంచు, టోన్ నాబ్ కాస్త తగ్గించు, పైన నున్నగా చుట్టిన ఫ్లాట్‌వౌండ్ తీగలు వెయ్యి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసి కూడా ఇంకా ఆ సన్న తీగలతోనే లాక్కొస్తున్నావు. ఆంప్ కన్నా ముందు అవి మార్చు తల్లీ, ఖర్చు తక్కువ, తేడా ఎక్కువ.

ఇక ఆంప్. జాజ్‌కి కావలసింది శుభ్రమైన శబ్దం. నువ్వు గట్టిగా మీటినా గొంతు చీరకూడదు, మెల్లగా మీటితే మాట మింగెయ్యకూడదు. నాలుగైదు స్వరాలు ఒకేసారి మోగే కార్డు పట్టుకుంటే ప్రతి స్వరం విడివిడిగా వినపడాలి. పాతకాలం రేడియోల్లోలా గాజు వాల్వులతో నడిచే ఆంపుల మీద నీకు మోజని విన్నాను. వాటి తీపి వాటిదే, కాదనను. కానీ వాటిలో ఫెండర్ కంపెనీ డీలక్స్ రివర్బ్ 22 వాట్లే. పక్కన డ్రమ్స్ ఉంటే సౌండ్ పెంచక తప్పదు, పెంచితే గరగర మొదలవుతుంది. అదే కంపెనీ ట్విన్ రివర్బ్‌కి 85 వాట్లున్నాయి, బాగా పెంచినా శుభ్రంగానే ఉంటుంది గానీ 29 కిలోల పెట్టె. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు ఎవరు మోస్తారు? పైగా వాల్వులు అరిగిపోతాయి, ఆ పని తెలిసినవాళ్ళు మన వైపు దొరకడం కష్టం. నువ్వే విప్పి చూద్దామనుకుంటావేమో, నీ సంగతి నాకు తెలుసు. ప్లగ్గు పీకేసినా వాటి కెపాసిటర్లలో నాలుగైదు వందల వోల్టులు నిలవ ఉండొచ్చు. ముట్టుకోకు.

వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లతో నడిచే ఆంప్ చాలు. అది చిన్నతనమేమీ కాదు. జో పాస్ అంతటి జాజ్ గిటారిస్టు పాలీటోన్ ట్రాన్సిస్టర్ ఆంపు మీద వాయించాడు. రోలాండ్ కంపెనీ జాజ్ కోరస్ ఆంపు 1975లో వచ్చింది, ఇప్పటికీ శుభ్రమైన శబ్దమంటే ముందు దాని పేరే చెబుతారు. అందులో పెద్దది, జేసీ-120, కూడా 28 కిలోలు. నీకు దాని తమ్ముడు జేసీ-40 సరిపోతుంది. లేదా పది, పన్నెండు అంగుళాల స్పీకరున్న ఏ 50 వాట్ల పెట్టె అయినా ఫరవాలేదు. శబ్దాన్ని అలలా ఊపే కోరస్ స్విచ్ మాత్రం ఆపి ఉంచు.

షాపుకి నీ గిటారు, నీ కేబులు పట్టుకెళ్ళు. రివర్బ్ (ప్రతిధ్వని) నాబ్ సున్నాలో పెట్టించి, స్టేజీ మీద వాయించేంత సౌండులో వాయించు. ఫెండర్ రకం ఆంప్ అయితే ఒక చిట్కా ఉంది. బాస్, ట్రెబుల్ రెండూ బాగా తగ్గించి మిడిల్ పూర్తిగా పెంచు. దాని అసలు గొంతు అప్పుడు వినపడుతుంది. నీది సగం డొల్లగా ఉండే సెమీ హాలో గిటారు కాబట్టి సౌండు పెరిగితే లావు తీగలు హౌలింగ్ చేస్తాయి, ఊఁ అని కూస్తాయి. ఆంప్‌ని చెక్క నేల మీద పెట్టకుండా కుర్చీ మీద పెట్టి బాస్ తగ్గించు, చాలావరకు పోతుంది.

నేను మొదట జాజ్ విన్నది షార్ట్‌వేవ్‌లో, వాయిస్ ఆఫ్ అమెరికాలో విల్లిస్ కానోవర్ కార్యక్రమంలో. స్టేషను వస్తూ పోతూ ఉండేది. వెస్ మాంట్‌గోమరీ గిటారు ఆ గరగరలోంచి కూడా మెత్తగా వచ్చేది. ఆయన పిక్ (తీగ మీటే బిళ్ళ) లేకుండా బొటనవేలితో మీటేవాడని తర్వాత తెలిసింది. ఇంట్లోవాళ్ళకి, పక్కవాళ్ళకి నిద్రాభంగం కాకుండా రాత్రిళ్ళు అలా సాధన చేశాడట. ఆ మెత్తదనం ఏ షాపులోనూ అమ్మరు. నువ్వూ రోజూ కాసేపు పిక్ పక్కన పెట్టి వాయించు.

ఇప్పుడు నా దిగులు సంగతి. దీన్ని తొందరగా చదివెయ్యకు.

మా ఆర్కెస్ట్రాలో నాకన్నా ముందు ఒకాయన గిటారు వాయించేవాడు. నైన్త్ కార్డు ఎలా పట్టుకోవాలో నాకు నేర్పింది ఆయనే. పాడేవాడు కూడా. మా ఆంప్‌లో ఎప్పుడూ గుంయ్‌మని హమ్ వచ్చేది. మైకుసెట్టు మెకానిక్ ఒకడు వచ్చి ప్లగ్గులో పైనున్న పెద్ద పిన్ను కోసేశాడు. హమ్ ఠక్కున ఆగిపోయింది. అందరం వాణ్ణి మెచ్చుకున్నాం. చాన్నాళ్ళు అలాగే ప్రోగ్రాములు చేశాం, ఏమీ కాలేదు.

ఆ పెద్ద పిన్ను ఎర్తు, అమ్మలూ. లోపల ఎక్కడైనా కరెంటు లీకై ఆంప్ ఇనప చట్రంలోకి వస్తే, దాన్ని నేలలోకి పంపేసి ఫ్యూజు కొట్టించేది అదే. గిటారు తీగలు కేబులు ద్వారా ఆ చట్రానికే కలిసి ఉంటాయి. పిన్ను కోసేస్తే ఆ కరెంటు తీగల్లోకి వచ్చి మన చెయ్యి కోసం కాచుకుని ఉంటుంది.

దసరా రోజులు. రాజోలు వైపు ఒక ఊళ్ళో గుడి ముందు స్టేజీ. మధ్యాహ్నం వాన పడింది, పరిచిన పట్టాలు తడిసి ఉన్నాయి. గుడి ముందు కదా అని అందరం చెప్పులు విప్పేశాం. ఆంప్ ఆ వానగాలికి చెమ్మ పట్టిందో ఏమో. ఆయన ఎడమచేత్తో కార్డు పట్టుకుని, పల్లవి ఎత్తుకుందామని మైకు దగ్గరికి వంగాడు. పెదవి ఎర్తుకి కలిసి ఉన్న మైకు జాలీకి తగిలింది. కేక కూడా వెయ్యలేదు. ఆయన చెయ్యి గిటారు మెడని బిగించేసింది, వదలడం లేదు. కరెంటు పట్టుకుంటే కండరాలు అలాగే బిగుసుకుపోతాయి, వదలాలనుకున్నా వదలవు. పాట మొదలెడుతున్నాడనే అనుకున్నాం. జనరేటర్ దగ్గరున్న కుర్రాడు చూసి మెయిన్ ఆపేశాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఆసుపత్రిలో చూశాను. వేళ్ళ కొసల మీద తీగలు తగిలినంత మేరా సన్నగా నల్లటి గీతలు, స్కేలు పెట్టి గీసినట్టు. తర్వాత ఆయన పాడాడు గానీ గిటారు మళ్ళీ పట్టలేదు.

ఇది ఒక్క మన ఊళ్ళ సంగతి కాదు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు స్టేజీ మీదే పోయాడు, చేతిలో గిటారు ఉండగా ఎర్తు సరిగా లేని మైకు పట్టుకుని.

కాబట్టి హమ్ వచ్చినా సరే పిన్ను జోలికి వెళ్ళొద్దు, టూ పిన్ కన్వర్టర్ పెట్టొద్దు. ఎర్తుకి రెండు దారులు దొరికితే హమ్ వస్తుంది. నీ ఆంప్, సౌండు మిక్సర్ ఒకే బోర్డులో గుచ్చు, చాలాసార్లు అక్కడితో పోతుంది. అప్పటికీ పోకపోతే గిటారు సౌండుని మిక్సర్‌కి పంపే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది నొక్కు. అది సౌండు కేబులులోని ఎర్తునే విడదీస్తుంది, కరెంటు ఎర్తు జోలికి పోదు. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటు కట్ చేసే ఆర్‌సీసీబీ ఉన్న లైను మీదే వాయిస్తామని రిసార్టు వాళ్ళకి ముందే చెప్పు. మొహమాటపడకు. మైకుకి ఫోమ్ తొడుగు వెయ్యి. వాన పడితే రబ్బరు చెప్పులు వేసుకో, ఎవరేమనుకున్నా సరే.

అమెరికా నుంచి మీ బావ ఆంప్ తెస్తానన్నాడట. వద్దను. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ 230. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చంటారు గానీ ఏదో ఒక రోజు హడావుడిలో ఎవరో ఒకరు నేరుగా గుచ్చేస్తారు.

దిండిలో ఉప్పుగాలి, జాక్‌లు పచ్చబారిపోతాయి. ఆంప్‌కి గుడ్డ కప్పు, వారానికోసారైనా ఆన్ చెయ్యి. కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపెయ్యి. జనరేటర్ నిలకడపడ్డాకే మళ్ళీ వెయ్యి.

కోప్పడ్డానని అనుకోకు. కలకత్తాలో గిటారిస్టు కార్ల్‌టన్ కిట్టో 2016లో పోయేదాకా బీబాప్ అనే రకం జాజ్ వాయిస్తూనే ఉన్నారు. నువ్వూ అలా ముసలిదానివయ్యేదాకా వాయించాలని నా ఆశ.

ఆంప్ వచ్చిన రోజు ఫోన్ చెయ్యి. టెస్టర్ తీసుకుని నేనే వస్తాను, రిసార్టు ప్లగ్ పాయింట్లు కూడా చూస్తాను. మొదటి శనివారం ఎప్పుడో చెబితే పెద్దమ్మ కూడా వస్తానంటోంది. ముందు వరసలో రెండు కుర్చీలు చెప్పి ఉంచు.

మీ పెదనాన్న