తేలికపాటి హ్యామక్ సరే, ఆ నొప్పి మాత్ర సంగతేంటి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 47. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. వచ్చే నెల స్నేహితులతో ఆరు రోజుల కొండ నడకకు వెళ్తున్నాను. టెంటు మోయలేక తేలికపాటి హ్యామక్ (చెట్ల మధ్య కట్టుకునే గుడ్డ ఊయల) కొందామనుకుంటున్నాను. 300 గ్రాముల లోపువీ ఉన్నాయి, 500 గ్రాములు దాటినవీ ఉన్నాయి. నడుముకు ఏది మంచిది? ఒకరికి సరిపోయేదా, ఇద్దరికి సరిపోయేదా? నాలుగు నెలలుగా నడుం నొప్పి ఉంది, ఎడమ కాల్లోకి లాగుతుంది, బొటనవేలు కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది. నడక ఉన్న రోజుల్లో డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర వేసుకుంటే ఇబ్బంది ఉండదు. పొద్దున్నే గ్యాస్ మాత్ర కూడా వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. హ్యామక్‌లో పడుకుంటే నడుం నొప్పి తగ్గుతుందంటున్నారు, నిజమేనా? - ఓ పాఠకుడు

జవాబు: మీరు హ్యామక్ గురించి అడిగారు. నాకు మాత్రం ఉత్తరం చివర్లో, మాట వరసకు రాసినట్టున్న నాలుగు వాక్యాల దగ్గరే కళ్లు ఆగిపోయాయి. ముందు వాటి సంగతి తేల్చుకుందాం.

నాలుగు నెలల నొప్పి, కాల్లోకి లాగడం, బొటనవేలి మొద్దు. ఇవి మూడూ కలిస్తే నడుములో నరం మూలం ఒత్తిడికి గురవుతోందేమోనని అనుమానించాలి. బొటనవేలి వైపు మొద్దు అంటే ఎక్కువగా నడుం కింది భాగం నుంచి వచ్చే ఎల్5 నరమే గుర్తొస్తుంది. చూడకుండా తేల్చి చెప్పలేను కానీ, ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. గోడ పక్కన నిలబడి, మడమల మీద పది అడుగులు వేయండి. ఎడమ పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, మధ్యలో జారిపోయినా నరం బలహీనపడుతున్నట్టు. తర్వాత మునివేళ్ల మీద పది అడుగులు. రెండు కాళ్లకీ తేడా కనిపిస్తే ప్రయాణం సంగతి పక్కనపెట్టి ఆ వారంలోనే ఎముకల డాక్టర్‌కో, నరాల డాక్టర్‌కో చూపించుకోండి. తేడా లేకపోయినా నాలుగు నెలలంటే చూపించుకోవాల్సిన సమయం ఎప్పుడో దాటింది. ఎమ్మారై అవసరమా కాదా అన్నది పరీక్షించిన డాక్టర్ చెబుతారు, మీరే ముందుగా తీయించుకుని రానక్కర్లేదు.

మల, మూత్ర ద్వారాల చుట్టూ లేదా తొడల లోపలి వైపు మొద్దుబారడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం - వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపు చూద్దామనుకోవద్దు, గంటల్లో ఆస్పత్రికి చేరాలి. కొండ మీద ఉంటే వెంటనే కిందికి దిగడమే.

ఇక డైక్లోఫెనాక్. ఎవరు రాశారో మీరు చెప్పలేదు, బహుశా ఎవరూ రాసి ఉండరు. కిడ్నీ తన లోపలి రక్తనాళాలను సడలించుకుంటూ, బిగించుకుంటూ వడపోతకు కావలసిన ఒత్తిడిని నిలబెట్టుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలోకి రక్తం వచ్చే దారిని ఇరుకు చేస్తాయి. టెల్మిసార్టన్ బయటికి వెళ్లే దారిని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఈ మూడింటికి తోడు రోజంతా చెమటోడ్చి కొండెక్కి, నీళ్లు తక్కువ తాగారనుకోండి, వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు. నొప్పి తెలియకపోయినా లోపల క్రియాటినిన్ (వడపోత తగ్గితే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరుగుతూనే ఉండొచ్చు. పైగా డైక్లోఫెనాక్ బీపీ మందు పనితనాన్ని తగ్గిస్తుంది, గుండె మీద భారం పెంచుతుంది. గ్యాస్ మాత్ర ఉందిగా అంటారేమో. అది కాపాడేది కడుపునే, కిడ్నీని కాదు. ఈ అపోహతోనే చాలామంది నెలల తరబడి ధైర్యంగా నొప్పి మాత్రలు మింగుతున్నారు. మీరూ అదే పని చేస్తున్నారు, ఏమనుకోకండి.

డాక్టర్‌ను కలిసేదాకా డైక్లోఫెనాక్ ఆపండి. బీపీ మాత్రను మాత్రం సొంతంగా ఆపొద్దు. క్రియాటినిన్, పొటాషియం, మూత్ర పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టులతో మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దారిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ మాత్రను ఏం చేయాలో బయల్దేరకముందే అడిగి కాగితం మీద రాయించుకోండి. కొండ మీద ఫోన్ కలవకపోవచ్చు. నొప్పికి ఈలోగా పారాసెటమాల్ వాడుకోవచ్చు. లివర్ జబ్బు, మద్యం అలవాటు లేకపోతే 500 మిల్లీగ్రాముల మాత్ర ఆరేడు గంటలకొకటి, అవసరమైతే రెండు, రోజుకు మొత్తం 3 గ్రాములు దాటకుండా. నడుం నొప్పి మీద అది అంత గొప్పగా పనిచేయదు, నిజమే. కానీ నొప్పి పూర్తిగా తెలియకుండా చేసుకుని బరువు మోయడం కంటే, కాస్త తెలుస్తూ ఆగి ఆగి నడవడమే మీ నరానికి క్షేమం. జలుబు మాత్రల్లో, కాంబినేషన్ నొప్పి మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, అట్ట మీద చదివి చూసుకోండి.

ఇప్పుడు హ్యామక్. నడుం నొప్పిని నయం చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. 2011లో జెనీవా పరిశోధకులు మెల్లగా ఊగే మంచం మీద మధ్యాహ్నపు కునుకు త్వరగా పడుతుందని చూపారు. కానీ అది చదునైన మంచం, అందులో పాల్గొన్నవాళ్లు ఆరోగ్యవంతులు. నడుం నొప్పికి దాన్ని ముడిపెట్టడం కుదరదు. హ్యామక్ కొందరికి హాయి, కొందరికి నరకం. తేడా ఎక్కువగా పొడవులో, కట్టే తీరులో ఉంటుంది.

300 గ్రాముల లోపు దొరికేవాటిలో చాలావరకు పొడవు తగ్గించి బరువు తగ్గించినవే. 2.7 మీటర్ల గుడ్డలో మీ ఎత్తు మనిషి పడుకుంటే ఒళ్లు విల్లులా వంగుతుంది, మోకాళ్లు వెనక్కి విరిగినట్టు బిగుస్తాయి. మీకు 3.3 మీటర్ల పొడవు, కనీసం 1.4 మీటర్ల వెడల్పు ఉన్నది కావాలి. అందులో నిలువుగా కాకుండా ఐమూలగా, మధ్య గీతకు 20 నుంచి 30 డిగ్రీల వాలులో పడుకోవాలి. అప్పుడే వీపు దాదాపు చదునుగా ఆనుతుంది. ఆ అదనపు పొడవుకు పెరిగే బరువు వంద గ్రాములు కూడా ఉండదు. ఇద్దరికి సరిపోతుందని అమ్మేవాటిని ఒక్కరి కోసమే కొనుక్కోండి, ఆ వెడల్పు ఐమూలగా పడుకోవడానికే పనికొస్తుంది. ఇద్దరు కలిసి పడుకుంటే ఇద్దరూ మధ్యలోకి జారిపోతారు.

అమ్మేవాళ్లు చెప్పే బరువు చాలాసార్లు గుడ్డ ఒక్కదానిదే. చెట్టుకు కట్టే పట్టీల జత, కారబైనర్లు (తెరిచి మూసే లోహపు కొక్కేలు), దోమతెర, పైన టార్పాలిన్, కింద చలి ఆపేది అన్నీ కలిపితే కిలోన్నర దాకా వెళుతుంది. గుడ్డ దగ్గర వంద గ్రాములు మిగుల్చుకోవడం కోసం నడుమును ఇబ్బంది పెట్టడంలో అర్థం లేదు. 20 డీనియర్ (దారం మందానికి కొలత) గుడ్డ మరీ పలచన, మీ బరువుకు 30, 40 డీనియర్ రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా నేసిన) గుడ్డ నమ్మకం. తయారీదారు చెప్పే మోయగల బరువు మీ బరువు కంటే కనీసం 25 కిలోలు ఎక్కువ ఉండాలి. నైలాన్ పట్టీలు తేమకు, బరువుకు సాగుతాయి. రాత్రి సరిగ్గా కట్టినా తెల్లారేసరికి నడుం కిందికి దిగిపోతుంది. పట్టీలు పాలిస్టర్‌వి, కనీసం 2.5 సెంటీమీటర్ల వెడల్పువి తీసుకోండి. సన్న తాళ్లు చెట్టు బెరడును కోస్తాయి. కారబైనర్ మీద 12 కేఎన్ (కిలోన్యూటన్లు, అంటే దాదాపు 1,200 కిలోల లాగుడు) అని ముద్ర ఉందో లేదో చూడండి, తాళం చెవులకు తగిలించేవి పనికిరావు.

కట్టే కోణమే అన్నిటికన్నా ముఖ్యం. పట్టీ నేలకు సమాంతరం నుంచి 30 డిగ్రీల వాలులో ఉండాలి, అంటే ప్రతి మీటరు పట్టీకి అర మీటరు కిందికి దిగాలి. ఆ కోణంలో ఒక్కో పట్టీ మీద మీ బరువంత, 82 కిలోల లాగుడు పడుతుంది. పట్టీలు బిర్రుగా లాగి కడితే చదునుగా ఉంటుందని అనుకుంటారు. 15 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో పట్టీ మీద లాగుడు దాదాపు 160 కిలోలు, 10 డిగ్రీలకు 235 దాటుతుంది. పట్టీలు తెగేది, కొక్కేలు విరిగేది, ఎండిన చెట్లు మీద కూలేది ఇలాంటప్పుడే. ప్రాణమున్న, రెండు చేతులతో పట్టుకుంటే వేళ్లు కలవనంత లావు చెట్లే వాడండి. ఇటుక స్తంభానికి, సగం కట్టిన గోడకు ఎప్పుడూ కట్టొద్దు, అవి పక్కకు లాగే బరువుకు నిలబడవు. తలపై ఎండు కొమ్మలు ఉన్నాయేమో పైకి చూడండి. చెట్ల మధ్య నాలుగైదు మీటర్ల దూరం, పట్టీ దాదాపు మీ తల ఎత్తులో అనుకుంటే మొదలుపెట్టడానికి చాలు. రెండు కొసల మధ్య హ్యామక్ పొడవులో 83 శాతం ఉండే తాడు, అంటే మీ 3.3 మీటర్లకు 2.75 మీటర్ల తాడు వేసుకుంటే, చెట్లు ఎంత దూరంలో ఉన్నా ప్రతి రాత్రీ వంపు ఒకేలా ఉంటుంది.

కూర్చున్నప్పుడు అంచు కుర్చీ ఎత్తులో, అంటే 45 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. నడుం నొప్పి ఉన్నవాళ్లు అంతకంటే కిందికి కట్టుకుంటే లేచేటప్పుడే నొప్పి పట్టుకుంటుంది. ఎత్తుగా కట్టుకుని పడితే తలకు, మెడకు దెబ్బ. ముందు మధ్యలో కూర్చుని, వీపు వాల్చి, ఆ తర్వాత కాళ్లు పైకి తీసుకోండి. బీపీ మందు వేసుకునేవారు రాత్రి మూత్రానికి లేచేటప్పుడు ఒక నిమిషం అంచున కూర్చుని, కళ్లు తిరగడం లేదని చూసుకుని లేవాలి. తల లైటు చేతికందేలా పై తాడుకు వేలాడదీయండి. నిద్రమాత్ర, కండరాలు సడలే మాత్ర, మద్యం - ఇవేవీ హ్యామక్ రాత్రులకు వద్దు.

మీ విషయంలో ఇంకో సంగతి గమనించాలి. గుడ్డ అంచు మోకాలి కింద బయటి వైపు ఉన్న ఎముక బొడిపెను రాత్రంతా నొక్కితే, దాని మీదుగా వెళ్లే నరం దెబ్బతిని పాదం పైకి లేవకుండా పోవచ్చు. మీకు ఆ కాల్లోనే ఇప్పటికే మొద్దు ఉంది. అక్కడ మొద్దు ఎక్కువైతే అది కొత్తగా వచ్చిందో, పాతదే పెరిగిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. అందుకే మోకాళ్ల కింద చుట్టిన జాకెట్ పెట్టుకుని, పిక్కల మీద గట్టి గీత పడకుండా చూసుకోండి. బయల్దేరడానికి ముందే ఇంటి దగ్గర ఒక మధ్యాహ్నం అరగంట, ఇంకో రోజు రెండు గంటలు, ఆ తర్వాత ఒక పూర్తి రాత్రి పడుకుని చూడండి. లేచాక మొద్దు ముందుకన్నా ఎక్కువసేపు ఉంటే హ్యామక్ ఆలోచన మానుకుని నేల మీద పరుపే వాడండి. స్ప్రెడర్ బార్లు (గుడ్డను వెడల్పుగా చాచి ఉంచే కడ్డీలు) ఉన్న బ్రిడ్జ్ రకం హ్యామక్ ఇంకా చదునుగా ఉంటుంది, బరువెక్కువైనా మీలాంటివారు ఒకసారి ప్రయత్నించొచ్చు. పెరట్లో కట్టే బార్ల ఊయల వేరు, అది సులువుగా తిరగబడుతుంది.

చలి. గాలి 20 డిగ్రీల లోపు ఉంటే వీపు కిందనుంచి వేడి పోతుంది. స్లీపింగ్ బ్యాగ్ మీ బరువుకు నలిగి కింద పని చేయదు. ఫోమ్ మ్యాట్ గానీ, హ్యామక్ బయట ఖాళీ లేకుండా ఆనుకునేలా కింద కట్టే బొంత లాంటి అండర్‌క్విల్ట్ గానీ తప్పదు. చలికి బిగిసిన నడుం పొద్దున మళ్లీ ఆ మాత్ర గుర్తు చేస్తుంది, అదే నా భయం.

దోమలు పలచని గుడ్డ గుండా కిందనుంచి కూడా కుడతాయి. అందుకే కింది వైపూ కప్పే తెర లేదా రెండు పొరల గుడ్డ మేలు. పర్మెత్రిన్ అనే దోమల మందు గుడ్డకే, ఒంటికి కాదు. తిరిగొచ్చాక మూడు నాలుగు వారాల్లో జ్వరం వస్తే డాక్టర్‌కు అడవిలో పడుకున్నానని తప్పకుండా చెప్పండి. మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగుల కాటుతో వచ్చే జ్వరం) ఆ ఒక్క మాటతోనే గుర్తొస్తాయి. ఆ జ్వరానికి ఇంట్లో మిగిలిన డైక్లోఫెనాక్ మాత్రం వేసుకోవద్దు. డెంగీ అయితే రక్తస్రావానికి దారి తీయొచ్చు.

ఇవన్నీ మిమ్మల్ని చూడకుండా రాసిన సాధారణ సూచనలు, మీ డాక్టర్ చెప్పేదే చివరి మాట. మళ్లీ రాస్తే డైక్లోఫెనాక్ ఎన్ని మిల్లీగ్రాములు, నెలకు ఎన్ని రోజులు వేసుకున్నారు, క్రియాటినిన్ ఎంత వచ్చింది, మడమల మీద నడవగలిగారా అన్నవి ముందు రాయండి.