ప్రొఫెసర్లు వార్తల్లో మాట్లాడాలా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విశ్వవిద్యాలయ అధ్యాపకులు పత్రికలకు, టీవీ చానళ్లకు తమ విషయజ్ఞానాన్ని అందించడం గురించి కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబిస్తున్నాను. రాసినవారిలో అధ్యాపకులూ ఉన్నారు, వారి మాటలు విని నిర్ణయాలు తీసుకునే మామూలు పాఠకులూ ఉన్నారు.

ప్రశ్న: నేను కెమికల్ ఇంజనీరింగ్ బోధిస్తాను. మా ప్రాంతంలో ఒక కర్మాగారంలో గ్యాసు లీకైన రోజున ఒక చానల్ విలేకరి ఫోన్ చేసి అరగంటలో బైట్ (టీవీలో వేసే చిన్న వ్యాఖ్య) కావాలన్నారు. నమూనాలు పరీక్షించకుండా ఏమీ చెప్పలేనన్నాను. ఆ సాయంత్రం అదే చానల్‌లో ఈ శాస్త్రంతో ఏ సంబంధమూ లేని వ్యక్తి కూర్చుని జనాన్ని హడలెత్తించారు. నేను చేసింది సరైనదేనా?
(అసిస్టెంట్ ప్రొఫెసర్, కాకినాడ)

జవాబు: ప్రమాదానికి కారణం చెప్పకపోవడం సరైనదే. అసలేమీ చెప్పకపోవడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. ప్రమాదం ఎందుకు జరిగిందన్నది ఒక ప్రశ్న, బయటికొచ్చిన రసాయనం ఎలాంటిదన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి విచారణ కావాలి. రెండోదాని జవాబు మీరు ఏటా తరగతిలో చెప్పే పాఠంలోనే ఉంటుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలోని ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి చుట్టుపక్కల ఇళ్లలోకి చొరబడి 12 మందిని బలిగొన్న సంఘటన మీకు నాకన్నా బాగా గుర్తుంటుంది. స్టైరీన్ ఆవిరి గాలికన్నా సుమారు మూడున్నర రెట్లు బరువైనదనీ, అందువల్ల నేలబారుగా పల్లంలోకి పాకుతుందనీ, ద్రవరూపంలో దాన్ని నిరోధకం (రసాయన చర్యను అడ్డుకునే పదార్థం) కలిపి చల్లగా నిల్వ చేయకపోతే అణువులు ఒకదానితో ఒకటి గొలుసుగా కలుస్తూ మరింత వేడి పుట్టిస్తాయనీ చెప్పడానికి ఏ నమూనా పరీక్షా అక్కరలేదు. లోపం ఎక్కడుందో తేల్చడానికి జాతీయ హరిత ట్రిబ్యునల్ మర్నాడే ఒక కమిటీని వేసింది, అందులో ఆంధ్ర విశ్వవిద్యాలయం కెమికల్ ఇంజనీరింగ్ శాఖకు కూడా చోటు దక్కింది. అలాంటి విచారణ దాని పద్ధతిలో అది సాగుతుంది. కానీ ఇల్లు వదిలి ఎటు పరిగెత్తాలో తెలియని మనిషికి కమిటీ నివేదిక వచ్చేదాకా ఆగే వీలు లేదు.

అలాంటి రోజున అరగంట గడువులో మీరు ఇవ్వగలిగిన బైట్ ఇలా ఉండవచ్చు: "స్టైరీన్ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి పల్లపు వీధుల్లో ఉన్నవారు గాలి వీచే దిశకు అడ్డంగా నడిచి ఎత్తైన చోటికి చేరాలి. కళ్లు మండుతుంటే నీళ్లతో బాగా కడుక్కోవాలి. ఎందుకు లీకైందో ఈ గంటలో ఎవరు చెప్పినా అది ఊహే." మూడో వాక్యం మీ శాస్త్రీయ జాగ్రత్తను నిలబెడుతుంది, మొదటి రెండూ వినేవారికి పనికొస్తాయి.

దీనికి ముందస్తు తయారీ ఉండాలి. మీ జిల్లాలోని కర్మాగారాల్లో నిల్వ ఉండే ముఖ్యమైన రసాయనాలు ఏవో తెలుసుకుని, ఒక్కొక్కదాని గురించి అరపేజీ తెలుగులో రాసి పెట్టుకోండి. లండన్‌లో 2002లో ఏర్పడిన సైన్స్ మీడియా సెంటర్ చేసే పని స్థూలంగా ఇలాంటిదే. సైన్సుతో ముడిపడిన వార్త పుట్టగానే ఆ విషయంలో పనిచేసిన పరిశోధకుల వ్యాఖ్యలను సేకరించి విలేకరులందరికీ పంపుతుంది. తెలుగు పత్రికలకూ అలాంటి ఏర్పాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అయితే అది వచ్చేదాకా మీ విశ్వవిద్యాలయ ప్రజాసంబంధాల అధికారి (పీఆర్ఓ) దగ్గర ఏ అధ్యాపకుడు ఏ విషయంలో మాట్లాడగలరో తెలిపే జాబితా, ఫోన్ నంబర్లతో సహా ఉంచితే చాలా మేలు.

ప్రశ్న: కరోనా సమయంలో ఐఐటీ ప్రొఫెసర్లు గణిత నమూనాలు చూపించి వ్యాధి తగ్గిపోతుందన్నారు. ఆ తరువాత రెండో వేవ్ మా ఇంట్లోనే ఒకరిని తీసుకుపోయింది. ఇలాంటి నిపుణులను ఇకపై ఎందుకు నమ్మాలి?
(పాఠకుడు, కరీంనగర్)

జవాబు: మీ నష్టానికి నా హృదయపూర్వక సానుభూతి. మీ ప్రశ్న న్యాయమైనది, దాన్ని దాటవేయను.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నియమించిన కమిటీ ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన 2020 అక్టోబరులో తన అంచనాను వెల్లడించింది. దేశంలో ఉధృతి సెప్టెంబరులోనే గరిష్ఠానికి చేరి తగ్గుముఖం పట్టిందనీ, జాగ్రత్తలన్నీ యథాతథంగా కొనసాగితే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు చాలా తక్కువకు దిగిరావచ్చనీ అందులో ఉంది. జాగ్రత్తలు సడలిస్తే ఒక్క నెలలోనే 26 లక్షల దాకా కేసులు రావచ్చన్న హెచ్చరిక కూడా అదే నివేదికలో ఉంది. జనం మనసులో నిలిచింది మాత్రం "ఫిబ్రవరికి కరోనా అంతం" అన్న ముక్కే. "జాగ్రత్తలు కొనసాగితే" అన్న షరతు శీర్షికల్లో చోటు దొరక్క రాలిపోయింది.

అలాగని తప్పంతా పత్రికలదేనంటే అది నిజం కాదు. 2021 మే మొదటి వారంలో దేశంలో రోజుకు 4 లక్షలకు పైగా కేసులు నమోదయ్యాయి. కమిటీ ఊహించిన చెడు పరిస్థితి కూడా దీని ముందు చిన్నదే. అప్పటిదాకా ఉన్న లెక్కలతో కట్టిన నమూనాకు, అంతకన్నా వేగంగా వ్యాపించే డెల్టా రకం పుట్టుకొస్తుందని తెలిసే మార్గం లేదు. గణిత నమూనా తనలో వేసిన ఊహలు నిలిచినంతవరకే పనిచేస్తుంది. ఈ సంగతి ఏ ప్రొఫెసర్‌కైనా కొట్టినపిండే. అది తమకు తెలిస్తే చాలదు, వినేవారికీ తెలిసేలా చెప్పే బాధ్యత వారిదే.

అందుకే మీడియాతో మాట్లాడే అధ్యాపకులందరికీ నేను చెప్పేది ఒకటే: ఫలితాన్నీ షరతునూ వేర్వేరు వాక్యాల్లో పెట్టకండి. "ఫిబ్రవరికి తగ్గుతుంది. అయితే జాగ్రత్తలు పాటించాలి" అంటే చోటు చాలనప్పుడు వార్తలు దిద్దే డెస్క్‌లో రెండో వాక్యం ఎగిరిపోతుంది. "జనం మాస్కు తీయనంతకాలమే ఇది తగ్గుతుంది, కొత్త రకం వస్తే ఈ లెక్క చెల్లదు" అంటే దాన్ని విరిచి అచ్చువేయడం కష్టం. శీర్షిక పెట్టేది మీతో మాట్లాడిన విలేకరి కాదనీ, మీ గొంతు ఎన్నడూ వినని సబ్ ఎడిటర్ అనీ గుర్తుంచుకుని మాట్లాడండి. ఇక పాఠకులుగా మీరు చూడవలసింది, అంచనా చెప్పిన మనిషి అది ఎప్పుడు తప్పవచ్చో కూడా చెప్పారా లేదా అన్నది. చెప్పనివారిని నమ్మకండి, వారి పేరు వెనక ఎంత పెద్ద సంస్థ ఉన్నా సరే.

ప్రశ్న: టీవీ చర్చకు వెళ్లడానికి రిజిస్ట్రార్ అనుమతి తీసుకోవాలా? ప్రభుత్వ విధానంలో లోపం ఉందని చెబితే ఉద్యోగానికి ముప్పా?
(అధ్యాపకురాలు, హైదరాబాద్)

జవాబు: మీది కేంద్రీయ విశ్వవిద్యాలయమా, రాష్ట్ర విశ్వవిద్యాలయమా, ప్రైవేటుదా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుచేత ముందుగా మీ సంస్థ ఆర్డినెన్సులు (విశ్వవిద్యాలయం తన పాలనకు చేసుకున్న నియమాలు), సర్వీసు నిబంధనలు తెప్పించుకుని చదవండి. చాలామంది చదవకుండానే భయపడతారు, కొందరు చదవకుండానే ధైర్యపడతారు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు వర్తించే 1964 నాటి ప్రవర్తన నియమావళిలో రెండు నిబంధనలు ఇక్కడ ముఖ్యం. ఎనిమిదో నిబంధన ప్రకారం విధి నిర్వహణలో భాగంగా, సద్బుద్ధితో మీడియాలో పాల్గొనడానికి ముందస్తు అనుమతి అవసరం లేదు, కానీ చెప్పేవి తన సొంత అభిప్రాయాలే తప్ప ప్రభుత్వానివి కావని స్పష్టం చేయాలి. తొమ్మిదో నిబంధన ప్రభుత్వ విధానాలను, చర్యలను ప్రతికూలంగా విమర్శించడాన్ని నిషేధిస్తుంది. ఈ నియమావళిని కేంద్రీయ విశ్వవిద్యాలయాల అధ్యాపకులకూ వర్తింపజేస్తారన్న వార్త 2018 అక్టోబరులో పెద్ద ఆందోళన రేపినప్పుడు, అప్పటి కేంద్ర మంత్రి ప్రకాశ్ జవడేకర్ భావప్రకటన స్వేచ్ఛపై ఆంక్షలేవీ పెట్టడం లేదని వివరణ ఇచ్చారు. అదే ఏడాది వచ్చిన విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం (యూజీసీ) నిబంధనల్లోని వృత్తి నీతి నియమావళి, అధ్యాపకులు సదస్సుల వంటి వృత్తిపరమైన వేదికలపై తమ అభిప్రాయాలను స్వేచ్ఛగా, నిర్మొహమాటంగా వెల్లడించాలని చెబుతుంది.

తొమ్మిదో నిబంధనను బోధనావృత్తికి అంటగట్టడం సరికాదని నేను నమ్ముతాను. ఒక సాగునీటి పథకంలోనో, పాఠ్యప్రణాళికలోనో లోపం ఉంటే, ఆ విషయాన్ని జీవితాంతం చదివిన మనిషి నోరు మూసుకోవడం వల్ల నష్టపోయేది ప్రజలే, వారి పన్నులతోనే ఆ చదువు సాగింది. ఆచరణలో మాత్రం మూడు జాగ్రత్తలు మీకు రక్షణ: చర్చకు వెళుతున్నట్టు శాఖాధిపతికి ఒక ఈమెయిల్ పెట్టండి, మాట మొదలుపెట్టేటప్పుడే ఇది నా వ్యక్తిగత అభిప్రాయమని చెప్పండి, వ్యక్తులనో పార్టీలనో కాక మీరు స్వయంగా పరిశీలించిన లెక్కలను మాత్రమే విమర్శకు ఆధారం చేసుకోండి.

ప్రశ్న: తెలుగు దినపత్రికలో వ్యాసం రాస్తే పదోన్నతికి లెక్కలోకి వస్తుందా?
(పరిశోధక విద్యార్థి, తిరుపతి)

జవాబు: యూజీసీ 2018 నిబంధనల పట్టికలో ప్రమాణాలున్న జర్నల్లో వచ్చే ఒక్కో పరిశోధన పత్రానికి విజ్ఞానశాస్త్రాల్లో 8, భాషలు, మానవీయ శాస్త్రాల్లో 10 పాయింట్లు ఉన్నాయి. దినపత్రిక వ్యాసానికి ఆ పట్టికలో చోటు లేదు. ఇది విచారకరం, మారవలసిన సంగతి.

అయినా రాయమనే చెబుతాను. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా పనిచేసి, తరువాత హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి డైరెక్టరైన డి. బాలసుబ్రమణియన్ ఏళ్ల తరబడి ఇంగ్లీషు దినపత్రికలో సైన్సు కాలమ్ నడిపారు, సైన్సును జనానికి చేరువ చేసినవారికిచ్చే యునెస్కో కళింగ పురస్కారాన్ని 1997లో అందుకున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో కంప్యూటర్ సైన్సు బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు గారు వైద్యాన్నీ రసాయనాన్నీ గణితాన్నీ చక్కటి తెలుగులో చెప్పవచ్చని రాసి చూపించారు. మీరు పరిశోధక విద్యార్థి కనుక, పీహెచ్‌డీ అంశాన్ని మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా రాసినవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో ప్రవేశపెట్టిన అవసర్ పోటీ గురించి కూడా వాకబు చేయండి. జర్నల్‌కు పంపిన పత్రం అచ్చయ్యేలోగా దాని ఫలితాలను పత్రికల్లో రాసేయకండి, కొన్ని జర్నళ్లు దాన్ని అభ్యంతరపెడతాయి.

ప్రశ్న: నేను భౌతికశాస్త్రం బోధిస్తాను. సూర్యగ్రహణం వచ్చిన ప్రతిసారీ నన్నూ ఒక జ్యోతిష్యుడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చర్చ పెడతామని చానళ్లు పిలుస్తున్నాయి. వెళ్లాలా?
(అసోసియేట్ ప్రొఫెసర్, గుంటూరు)

జవాబు: ఆ పద్ధతిలో వద్దు. ఎదురెదురుగా కూర్చోబెట్టిన క్షణమే చూసేవారికి అవి సమాన బరువున్న రెండు అభిప్రాయాలుగా కనిపిస్తాయి. గొంతు పెద్దగా ఉన్నవారిదే పైచేయి అవుతుంది. చర్చకు బదులు నాకు విడిగా మూడు నిమిషాలు ఇవ్వండని ప్రొడ్యూసర్‌ను అడగండి. అట్టముక్కకు గుండుసూదితో చిల్లు పొడిచి, దానిగుండా తెల్ల కాగితం మీద పడే సూర్యుడి నెలవంకను లైవ్‌లో చూపించండి. కంటి లోపలి పొర అయిన రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి నేరుగా చూసినవారికి కళ్లు కాలుతున్న సంగతి అప్పటికప్పుడు తెలియదని చెప్పండి. గర్భిణులు పస్తులుండనక్కరలేదని చెబుతూ, సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు చేసినట్టు కెమెరా ముందే నాలుగు ముద్దలు తినండి.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల మీదుగానే సాగింది. శాస్త్రవేత్తలు అక్కడ గ్రహణాన్ని పరిశీలిస్తుండగా ఎంతోమంది తలుపులు మూసుకుని ఇళ్లలోనే ఉండిపోయారు. పదిహేనేళ్ల తరువాత, 1995 అక్టోబరు 24న, యూజీసీ మాజీ అధ్యక్షుడు యశ్‌పాల్ దూరదర్శన్‌లో గ్రహణాన్ని ప్రత్యక్షంగా వివరిస్తుంటే దేశమంతా కూర్చుని చూసింది. ఆయన ఎదురుగా ఎవరినీ కూర్చోబెట్టలేదు. మీకూ అలాంటి అవకాశమిచ్చే చానల్ దొరికితే తప్పక వెళ్లండి. దొరక్కపోతే మీ కళాశాల మైదానంలో పిల్లలతో అదే ప్రదర్శన చేయించి, స్థానిక విలేకరులను అక్కడికే పిలవండి, ఫొటోతో సహా జిల్లా పేజీలో వస్తుంది.